సమూయేలు లెక్క అప్పగించిన దినము

పాఠ్యభాగము: 1 సమూయేలు 12:1–5, 23. దీనితోకూడ ఎజ్రా 8:24–34, 2 కొరింథీయులకు 8:16–22 చదువవలెను.



ఈ నెల పాఠము ముఖ్యముగా సంఘములో ఏదో యొక పని చేయువారి నిమిత్తము వ్రాయబడినది. కాపరులకును ఉపదేశులకును మాత్రమే కాదు. సంఘపెద్దలు, కోశాధికారి, స్త్రీల సమాజపు పెద్దమ్మగారు, ఆదివారపు బడి చెప్పువారు, పాట ఎత్తువారు, గుడి తాళపుచెవి మొలకు కట్టుకొని తిరుగువారు, వీరందరును నాయకులే. చిన్న పల్లెలలో ఈ పనులన్నియు ఒక్కరే చేయుటయు కలదు. తక్కినవారు ఇది మనకు సంబంధించినది కాదని ప్రక్కకు పెట్టవద్దు. నాయకులను ఎన్నుకొనువారును, అడుగవలసినప్పుడు అడుగవలసినవారును వారే.

దేవుని ఘనపరచు జీవితము అనుమాట మన ప్రార్థనలలో తరచుగా వినబడును. దాని అర్థమేమని అడిగినయెడల ఒకరు ఉపవాసమందురు, ఒకరు వేకువ ప్రార్థన యందురు, మరియొకరు తెల్లబట్టలు కట్టుటయందురు. ఇవి మంచివే. అయితే సమూయేలు మొదటి గ్రంథమును మొదటినుండి పదునైదవ అధ్యాయమువరకు లేవకుండ కూర్చుండి చదువుడి. ఘనత అనుమాట ముగ్గురు నాయకుల చరిత్రలలో తిరుగుచుండుట చూతురు. ఏలీ, సౌలు, వారి నడుమ సమూయేలు.

ఏలీ స్వభావముచేత దుర్మార్గుడు కాడు. హన్నా దుఃఖమును మొదట తప్పుగా నెంచినను పిమ్మట ఆమెను దీవించి పంపెను. చిన్నవాడైన సమూయేలు అతని చేతి క్రిందనే పెరిగెను. అయితే షిలోహులో అతని కుమారులైన హొఫ్నీ, ఫీనెహాసులు ఏమి చేయుచుండిరో రెండవ అధ్యాయము దాపరికము లేక చెప్పుచున్నది. బలి తెచ్చినవాని మాంసము ఉడుకుచుండగా యాజకుని పనివాడు మూడు ముండ్ల కొంకితో వచ్చి, కుండలో గ్రుచ్చి, పైకి వచ్చినదంతయు పట్టుకొనిపోవును. అదియు చాలక, క్రొవ్వు దేవునికి దహింపబడకమునుపే పచ్చిమాంసము ఇమ్మని అడుగును. ఇయ్యమన్నయెడల బలవంతముగా తీసికొందునని బెదరించును. దీని ఫలితమును ఆ అధ్యాయమే చెప్పుచున్నది. దేవునికి అర్పణ తెచ్చుట యనిన జనులకు అసహ్యము పుట్టెను. నాయకులు తినుటవలన నష్టపడినది ఒక కుండెడు మాంసము కాదు. బీదవాడు దేవుని సన్నిధికి వచ్చు త్రోవయే చెడిపోయెను.

ఏలీకి ఇదంతయు తెలియును. కుమారులను పిలిచి మందలించెను కూడ. కాని పనిలోనుండి తొలగింపలేదు. అప్పుడొక దైవజనుడు వచ్చి, అతడు దేవునికంటె తన కుమారులనే గొప్పచేసెనని నేరము మోపెను. తనను ఘనపరచువారిని తాను ఘనపరచుదునని దేవుడు సెలవిచ్చిన ప్రసిద్ధమైన మాట ఈ సందర్భములోనిదే (2:30). దానిని మనము పెండ్లిపత్రికలమీద అచ్చువేయించుకొనుచున్నాము, గుడిగోడలమీద వ్రాయించుకొనుచున్నాము. మంచిదే. అయితే అది మొదట పలుకబడినది మాంసపు కుండ విషయమై యని మరువరాదు.

సౌలు సంగతి వేరు. అమాలేకీయులతో యుద్ధమైన తరువాత అతడు కర్మెలులో తనకొక జయస్తంభము నిలిపించుకొనెను. దేవుడు వద్దన్న పశువులను దాచెను. సమూయేలు గద్దించినప్పుడు మొదట సాకులు చెప్పి, తరువాత పాపము చేసితినని ఒప్పుకొనెను. ఒప్పుకొనిన నోటితోనే, అయినను జనుల పెద్దలయెదుట నా పరువు నిలుపుమని బతిమాలెను (15:30). ఈ మాట చదివినప్పుడెల్ల మన సభలు నాకు జ్ఞాపకమునకు వచ్చును. కరపత్రములో తన పేరు రెండవ వరుసలో పడినదని కోతపండుగకు రాకుండ ఇంట కూర్చున్న పెద్దలను నేనెరుగుదును. వేదికమీద కుర్చీ దొరకలేదని ప్రసంగము చెప్పకుండ వెళ్లిపోయినవారిని ఎరుగుదును. వారిని ఆక్షేపించుటకు నేనెవడను? నేనును ఆ కుర్చీకొరకు చూచినవాడనే.

గిల్గాలులో జరిగినది

ఇప్పుడు సమూయేలు వైపు చూతము. సౌలు రాజ్యము గిల్గాలులో స్థిరపరచబడెను. జనులు సంతోషించుచున్నారు. క్రొత్త రాజు అక్కడనే యున్నాడు. ముసలివాడై తల నెరిసిన సమూయేలు జనులయెదుట నిలిచి, తన బాల్యమునుండి ఆ దినమువరకు వారి కన్నులయెదుటనే నడిచితినని చెప్పి, తనమీద సాక్ష్యమిమ్మని వారిని అడిగెను. నేనెవరి ఎద్దును తీసికొంటిని? ఎవరి గాడిదను పట్టుకొంటిని? ఎవరిని మోసగించితిని? ఎవరిని బాధపెట్టితిని? ఎవరియొద్ద లంచము పుచ్చుకొని కన్నులు మూసికొంటిని? అట్టిదేదైన నున్నయెడల తిరిగి ఇచ్చివేయుదునని పలికెను. ఏదియు లేదని జనులు చెప్పిరి.

ఇక్కడ కొంచెము నిలిచి చూడవలెను. సమూయేలుమీద ఈ విషయమై ఎవరును ఫిర్యాదు చేయలేదు. లెక్క చెప్పుమని ఎవరును అడుగలేదు. అతడు ఊరకుండినయెడల గౌరవముతోనే ఇంటికి వెళ్లియుండును. అయినను తానుగా నిలిచి అడిగెను. అదియు ఎవరియెదుట? దేవునియెదుటను, ఆయన అభిషేకించిన రాజుయెదుటను. అనగా ఎవరైన లేచి, అవునయ్యా, నా ఎద్దును తోలుకొనిపోయితివని చెప్పినయెడల తీర్పు తీర్చుటకు అధికారముగలవాడు అక్కడనే యున్నాడు. ఇది మాటవరుసకు అడిగిన ప్రశ్న కాదు.

అడిగిన స్థలమును కూడ చూడుడి. ఏడవ అధ్యాయము చివర సమూయేలు ఏటేట బేతేలు, గిల్గాలు, మిస్పా ఊళ్లకు తిరుగుచు న్యాయము తీర్చి, రామాలోని తన యింటికి తిరిగివచ్చుచుండెనని యున్నది. గిల్గాలువారు అతనిని ఏటేట చూచినవారు. అతడు ఎవరి యింట దిగెనో, ఏమి తినెనో, ఎవరి వ్యాజ్యెములో ఏమి చెప్పెనో ఎరిగినవారు. ఎరుగని ఊరిలో యథార్థవంతుడనని చెప్పుకొనుట మనకందరికిని సుళువే. సువార్త కూటములకు పొరుగు జిల్లాకు వెళ్లినప్పుడు నేను చాల పరిశుద్ధుడను. మా వీధిలో నన్ను ఎరిగినవారియెదుట నిలిచి అడుగుటయే కష్టము.

ఎద్దు, గాడిద అని పేరుపెట్టి ఏల అడిగెను? సేద్యము చేయువారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. ఎద్దు పోయిన ఏరువాక పోయినట్లే. ఎనిమిదవ అధ్యాయములో జనులు రాజు కావలెనని అడిగినప్పుడు సమూయేలు వారిని హెచ్చరించిన మాటలు దీని ప్రక్కన పెట్టి చదువుడి. రాజు మీ కుమారులను తీసికొనును, మీ పొలములను తీసికొనును, మీ ధాన్యములో పదియవ పాలు తీసికొనును, మీ గాడిదలను తీసికొనును అని అదే క్రియ మరల మరల వచ్చుచున్నది. పన్నెండవ అధ్యాయములో ఆ క్రియనే తన తట్టు త్రిప్పుకొని, నేనేమి తీసికొంటినని అడుగుచున్నాడు. ఇతరులు తీసికొందురని ప్రసంగము చేయువాడు తన చేతులను చాపి చూపెను.

ఒక పిడికెడు బియ్యము

నాయకులమైన మనము సాధారణముగా చెప్పు జవాబొకటి కలదు. నా మనస్సాక్షి దేవునికి తెలియును, మనుష్యులకు నేనేల లెక్క చెప్పవలెను? ఈ జవాబు నేనును చెప్పినవాడనే గనుక ఆ సంగతి దాచక వ్రాయుచున్నాను.

నలువది యేండ్ల క్రిందట నేను మా పల్లె సంఘమునకు కోశాధికారిగా నుంటిని. మా స్త్రీలు ప్రతిదినము ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక ముంతలో వేయుదురు. శనివారమునాడు ఆ ముంతలన్నియు గుడికి వచ్చును. కొలిచి, అమ్మి, ఆ సొమ్ము ఉపదేశిగారి జీతమునకును గుడి ఖర్చులకును వాడుదుము. ఒక సంవత్సరము తొలకరి వాన పడినది. నాయొద్ద వేరుశనగ విత్తనములకు డబ్బు లేదు. షావుకారు నూటికి మూడు వడ్డీ అడిగెను. సంఘపు పెట్టెలో సొమ్ము కలదు. అందులో 150 రూపాయలు తీసికొంటిని. కాయ అమ్మినవెంటనే తిరిగి వేసితిని. ఒక్క పైస తక్కువ లేదు. పుస్తకములో ఎక్కడను వ్రాయలేదు. ఎవరికిని తెలియదు.

క్రిస్మసుకు ముందు ఒక శనివారము బియ్యము కొలుచుచుండగా ఒక అవ్వ నన్నడిగెను.

"నాయనా, ఈ ఏడు మా పిడికిలి బియ్యం ఎంతకు అమ్మినారు?"

నాకు కోపము వచ్చెను. "ఏం అవ్వా, నామీద అనుమానమా? మీ బియ్యం నేను తింటున్నానా?" అని అందరు వినునట్లు అంటిని.

"అనుమానం కాదు నాయనా, తెలుసుకుందామని" అని ఆమె ముంత తీసికొని వెళ్లిపోయెను.

సొమ్ము పెట్టెలోనే యున్నది. లెక్క సరిపోయినది. మరి నాకు కోపమేల వచ్చెను? ఆ రాత్రి నేనీ ప్రశ్న వేసికొనలేదు. అవ్వ విధవరాలు, కూలి చేసి బ్రదుకునది. కూలి దొరకని దినములలో గంజి కాచుకొనునప్పుడును ఆ పిడికెడు తీసి ప్రక్కన పెట్టినది. దేవునికి తామందరు కలిసి ఎంత ఇచ్చిరో ఆ అంకె చెవులార వినవలెనని ఆమె కోరెను. అంతకంటె ఆమె ప్రశ్నలో మరేమియు లేదు. నేను ఆమె నోరు మూయించితిని. ఆ తరువాత మూడేండ్లు ఎవరును నన్నేమియు అడుగలేదు. అది నామీది గౌరవమని తలంచితిని.

మూడేండ్లైన తరువాత బుధవారపు ప్రార్థనలో నేను చెప్పవలసిన పాఠము సమూయేలు పన్నెండవ అధ్యాయము. సిద్ధపడుచు మూడవ వచనమునొద్ద ఆగిపోతిని. ముందుకు సాగలేకపోతిని. పెద్దల కూటములో జరిగినది చెప్పితిని. తిరిగి వేసితివి గదా, ఇంకేమి యని ఒక పెద్ద అనెను. మరియొక పెద్ద మిక్కిలి కోపించెను; అతని కోపము న్యాయమైనదే. మూడవవాడు తాళపుచెవులు క్రింద పెట్టుమనెను. పెట్టితిని. అయితే అవ్వ అంతకుముందు వేసవిలోనే ప్రభువునందు నిద్రించినది. ఆ అంకె ఆమెకు చెప్పలేకపోతిని.

ఇప్పుడు నన్నెవరైన అడిగినయెడల, పెట్టెలోని సొమ్ము తీసికొనుటకంటె అవ్వను గద్దించుటయే నా పెద్ద పాపమని చెప్పుదును. సొమ్ము తిరిగి వేయవచ్చును.

తూచి ఇచ్చి, తూచి పుచ్చుకొనుట

ఎజ్రా చేసినది చూడుడి. బబులోనునుండి యెరూషలేమునకు దేవుని ఆలయముకొరకు వెండి బంగారములు మోసికొని రావలెను. వెండి 650 తలాంతులు, బంగారము 100 తలాంతులు, పాత్రలు వేరు. త్రోవలో దొంగల భయము కలదు. దేవుని కాపుదలను గూర్చి రాజుయెదుట గొప్పగా చెప్పితిమి గనుక సైనికులను అడుగుటకు సిగ్గుపడితినని ఎజ్రా వ్రాయుచున్నాడు. ఉపవాసముండి ప్రార్థన చేసిరి. ఇంత భక్తిగలవాడు ఆ సొమ్మును ఎట్లు అప్పగించెను? యాజకులలో పన్నిద్దరు ముఖ్యులను ఏర్పరచి, వారియెదుట తూచి వారి చేతికిచ్చెను. మీరు ప్రభువునకు ప్రతిష్ఠితులని వారితో చెప్పెను, చెప్పియు తూచెను. నాలుగు నెలల ప్రయాణమైన పిమ్మట, యెరూషలేములో నాలుగవ దినమున మందిరములో ఆ సొమ్ము మరల తూచబడెను. పుచ్చుకొనినవాడు ఒక్కడు కాదు. మెరేమోతు అను యాజకునితో మరి ముగ్గురు నిలిచిరి. లెక్కయు తూకమును చూడబడి, తూకమంతయు అప్పుడే వ్రాయబడెను.

ఎజ్రా ఆ యాజకులను అనుమానించెనా? అనుమానముండినయెడల వారి చేతికే ఇచ్చియుండడు. దేవుని సొమ్మునకు తగిన మర్యాద చూపుటకే తూచెను. మోసినవారికిని దానివలన మేలు కలిగెను. నాలుగు నెలలు ఎడారి త్రోవలో ఆ మూటలతో పండుకొని లేచినవారు, తూకము సరిపోయినదని వ్రాసిన తరువాత తల ఎత్తుకొని తమ యింటికి పోగలిగిరి. వ్రాయబడని సొమ్ము మోసినవాడు ఎంత యథార్థవంతుడైనను, ఏదో యొక దినమున అతనిమీద చెప్పబడు మాటకు అతనియొద్ద జవాబుండదు.

అపొస్తలుడైన పౌలు యెరూషలేములోని బీదలకొరకు అన్యజనుల సంఘములలో చందా కూర్చినప్పుడు ఇట్లే చేసెను. తన మనస్సాక్షినిబట్టి తానొక్కడే మోసికొనిపోయినయెడల ఆయనను ఆపగలవారెవరు? అయినను తీతుతో కూడ, సంఘములే ఏర్పరచిన ఒక సహోదరుని వెంట తీసికొనెను. ఇంత గొప్ప ధర్మము విషయమై ఎవరును తమమీద తప్పు మోపకుండునట్లు జాగ్రత్తపడుచున్నామని దాచక వ్రాసెను. ప్రభువు దృష్టికి మాత్రమే కాదు, మనుష్యుల దృష్టికిని మంచిదైనదానినే ఆలోచించుచున్నామనెను. దేవునికి తెలియును, మనుష్యులకేల యను మన జవాబు ఈ వచనముముందు నిలువదు. పన్నిద్దరు శిష్యులలో డబ్బుసంచి మోసినవాడెవడో, ఆ సంచిలోనుండి ఏమి జరిగెనో యోహాను పన్నెండవ అధ్యాయములో వ్రాసినది మీరెరుగుదురు.

ఈ దినములలో కానుకలు ఫోను ద్వారా కూడ వచ్చుచున్నవి. పట్టణమునకు పనికి పోయిన పిల్లలు దశమభాగము అక్కడనుండియే పంపుచున్నారు. మంచి సంగతి. అయితే చాలచోట్ల ఆ సొమ్ము కాపరిగారి సొంత ఖాతాలోనో పెద్దగారి కుమారుని ఖాతాలోనో పడుచున్నది. వారు దొంగలని నేను చెప్పుట లేదు. నేనును ఒక్క పైస తినలేదు గదా! సంఘము పేరిట ఖాతా తెరచి, ఇద్దరి సంతకముతో నడుపుట కష్టమైన పని కాదు. బ్యాంకునకు రెండుసార్లు తిరుగవలెను, అంతే.

దోర్నకలు బిషప్పుగారైన వేదనాయగం సామ్యూల్ అజరయ్యగారు తిరునల్వేలి ప్రాంతమునుండి తెలుగుదేశమునకు వచ్చి, మన భాష నేర్చుకొని, 1912లో బిషప్పుగా అభిషేకింపబడి, 1945లో మరణమగువరకు ఈ పల్లెలమధ్య పనిచేసిరి. ఆంగ్లికను సంఘములో బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయనయే. క్రైస్తవుడు దేవునికి ఇచ్చుటను గూర్చి ఆయన ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసిరి. బీదవాడు బీదవాడు గనుక ఇయ్యనక్కరలేదనుట అతనిని ఘనపరచుట కాదని నేనును నమ్ముచున్నాను. అయితే బీదలచేత ఇప్పించుట ధర్మమైనయెడల, పుచ్చుకొనినవాడు వారికి లెక్క చెప్పుట అంతకంటె ధర్మము. మొదటిదానిమీద మనము ఏటేట ప్రసంగములు చేయుచున్నాము. రెండవదానిమీద ఎన్ని వింటిరి?

లెక్క యనగా డబ్బు మాత్రమే కాదు. మనుష్యుల సంఖ్యయు లెక్కయే. ఎందరు బాప్తిస్మము పొందిరి, ఎన్ని గుడులు కట్టితిమి అను అంకెలవలన నాయకుని పేరు పెరుగును. ఒంగోలులో పనిచేసిన జాన్ క్లౌ దొరగారి చరిత్రలో 1878 జూలై 3వ తేదీ ప్రసిద్ధము. ఆ దినమున వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ అంకె మన సంఘములలో చాలమందికి కంఠస్థము. దానికి ముందు జరిగినది అంతగా చెప్పుకొనము. 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చినది. క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని, ఆకలితో నున్న జనులకు కూలి కల్పించిరి. ఆ పనిలో నున్నవారు అనేకులు బాప్తిస్మము కావలెనని అడిగిరి. కూలియు ధాన్యమును తన చేతిమీదుగా పోవుచున్నంతకాలము ఆయన ఇయ్యలేదు. ఏడాదికి పైగా ఆపిరి. అన్నముకొరకు వచ్చిరను మాట వారిమీద పడకూడదనియు, తన చేతిలోని కూలి వారి విశ్వాసమును కలుషితము చేయకూడదనియు ఆయన ఉద్దేశము. కరవు సహాయపు పని ముగిసిన తరువాతనే జనులు గుండ్లకమ్మకు వచ్చిరి. నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు మన తెలుగు బోధకులు, ఆరుగురు, ఇద్దరేసి చొప్పున.

2,222 అను అంకెకంటె, ఏ అంకెయు వ్రాయని ఆ ఏడాదియే నాకు గొప్పగా తోచుచున్నది. ఒక నాయకుని చేతిలో జనుల ఆకలి యున్నప్పుడు అతడు వారిని ఏమి అడుగడో, అందులో అతని భక్తి తెలియును. ఇల్లు శాంక్షను చేయింతును, పింఛను ఇప్పింతును, మా గుడికి రమ్మని పిలుచుట మన పల్లెలలో లేదా?

సమూయేలు కుమారులు

గిల్గాలులో సమూయేలు చెప్పిన మాటలలో ఒకటి మనము తొందరగా దాటిపోవుదుము. నా కుమారులు మీ మధ్యనున్నారు అని అతడు చెప్పెను. ఆ కుమారులెవరు? యోవేలు, అబీయా. సమూయేలే వారిని బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా నియమించెను. వారు లంచములు పుచ్చుకొని న్యాయమును త్రిప్పివేసిరి (8:1–3). రాజు కావలెనని పెద్దలు అడుగుటకు మొదట చెప్పిన కారణమే అది.

ఇది చదువునప్పుడు మనస్సు నొచ్చును. ఏలీ కుమారుల పాపము షిలోహులో కన్నులార చూచినవాడు సమూయేలు. దేవుడు అతనికిచ్చిన మొదటి వర్తమానమే ఏలీ యింటిని గూర్చినది. తెల్లవారి ఆ సంగతి చెప్పుటకు భయపడి, ఏలీ బలవంతము చేయగా ఏమియు మరుగుచేయక చెప్పెను. అట్టివాడు ముసలితనమున తన కుమారులకు అధికారమిచ్చి, ఆ గోతిలోనే పడెను. అతడు వారిని గద్దించెనో లేదో లేఖనము చెప్పలేదు, మనము కల్పింపరాదు. పన్నెండవ అధ్యాయమునాటికి వారు పదవి పోయి జనులలో కలిసియుండిరని కొందరు తలంతురు. ఎట్లైనను సమూయేలు వారిని దాచలేదు. తన లెక్కలో ఏ వరుస బాగులేదో ఆ వరుసమీదనే వ్రేలు పెట్టి మొదట చదివెను.

మన యింటివారిలో ఎవరైన త్రోవ తప్పినయెడల దానికి సంఘము మనలను రాళ్లతో కొట్టనక్కరలేదు. ఎదిగిన కుమారుడు తన లెక్క తానే చెప్పుకొనవలెను. కాని వానికి పదవి ఇచ్చిన లెక్క తండ్రిదే. కాపరిగారి బావమరిది కోశాధికారి, పెద్దగారి కోడలు స్త్రీల సమాజపు అధ్యక్షురాలు, అల్లుడు గుడి కట్టడపు మేస్త్రీ అయినప్పుడు, ఏ అవ్వకైన ప్రశ్న అడుగు ధైర్యముండునా? అడిగినయెడల ఎవరియింట పోట్లాట పుట్టునో ఆమెకు తెలియును. ఈ విషయమున నాకు సందేహము లేదు. బంధువుడు ఎంత యోగ్యుడైనను ఒకే సంఘములో లెక్క వ్రాయువాడును లెక్క చూచువాడును ఒకే యింటివారు కాకూడదు.

చివరగా ఇరువదిమూడవ వచనము. జనులు సమూయేలు నాయకత్వము చాలునని రాజును కోరుకొనిరి. అతనికి అది బాధ కలిగించెనని ఎనిమిదవ అధ్యాయములో నున్నది. అయినను మీకొరకు ప్రార్థన చేయుట మానినయెడల అది దేవునికి విరోధముగా నేను చేయు పాపమగునని అతడు వారితో చెప్పెను. పదవి పోయిన పిమ్మట చేయు ప్రార్థన అది. మన పల్లెలలో పెద్దల ఎన్నికలో ఓడినవాడు ఏమి చేయును? నాలుగు వారములు గుడికి రాడు. అయిదవ వారము తన వీధివారిని పిలుచుకొని తన పంచలో ప్రార్థన పెట్టును. ఏడాదికి ఒక రేకుల షెడ్డు లేచును. రెండు గుడులు, మధ్య ఒక మురుగుకాలువ. తాళపుచెవులు క్రింద పెట్టిన దినమున నాకును ఆ తలంపు రాకపోలేదు. మా మామగారు, ఆయన చదువు లేనివాడు, ఇంటికి వచ్చి, రేపు ఆదివారం నువ్వెక్కడ కూర్చుంటావయ్యా అని మాత్రమే అడిగెను. నేను వెనుక వరుసలో చాపమీద కూర్చుంటిని. క్రొత్త కోశాధికారి లెక్క చదువునప్పుడు అతనికొరకు ప్రార్థన చేయుట నాకు చాల కష్టమైనది. ముప్పై యేడేండ్లుగా చేయుచున్నాను. ఇప్పుడు కొంచెము సుళువు.

సంఘపెద్దలకు ఒక మాట. ఈ పాఠమును పెద్దల కూటములో మాత్రమే చదివి మడిచిపెట్టవద్దు. వచ్చు నెలలో ఒక శనివారము, స్త్రీలు ముంతలు తెచ్చు వేళకు, అందరు గుడిలో కూడుడి. ఒకరు సమూయేలు పన్నెండవ అధ్యాయము మొదటి అయిదు వచనములు బిగ్గరగా చదువవలెను. పిమ్మట కోశాధికారి ఈ సంవత్సరము వచ్చిన బియ్యము ఎన్ని కిలోలో, ఏ ధరకు పోయెనో, ఆ సొమ్ము దేనికి వెచ్చింపబడెనో నిలువబడి చదువవలెను. ఫోనులో వచ్చిన కానుకలు, కోతపండుగ వేలముపాటలో వచ్చినవి కూడ చదువవలెను. ఎవరైన అడుగవచ్చునని చెప్పవలెను. కోశాధికారికి బదులుగా ఏ పెద్దయు జవాబు చెప్పకూడదు. మొదట ఎవరును లేవకపోవచ్చును. మన స్త్రీలకు అలవాటు లేదు, మనమే తప్పించితిమి. కొంచెము సేపు ఊరకుండుడి. తొందరపడి ముగింపు ప్రార్థన మొదలుపెట్టవద్దు.